కోర్టు వాపసిచ్చిన కంప్యూటర్

2008 జూన్‌లో నన్ను కడప నుంచి కర్నూలు జిల్లా పడమటి వైపున్న ఒక చిన్న పట్టణానికి బదిలీ చేశారు. నా హోదా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. పోలీసులు పెట్టిన కేసును మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫున నడిపే న్యాయవాది అని అర్థం. హత్య కేసులు సెషన్స్ కోర్టుకు పోతాయి, వాటికి వేరే ప్రాసిక్యూటర్లు ఉంటారు. మా వాటాకు వచ్చేవి కొట్లాటలు, దొంగతనాలు, పేకాట, నాటుసారా, ట్రాక్టరు ప్రమాదాలు. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా తప్పులు ఎలా ఉన్నాయో అలాగే రాస్తున్నాను.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. మా పని బయటివాళ్లకు తెలియదు కాబట్టి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది, పోలీసులు దర్యాప్తు పూర్తి చేశాక చార్జిషీటు నేరుగా కోర్టుకు పోదు. ముందు నా దగ్గరకు వస్తుంది. సెక్షన్లు సరిగ్గా ఉన్నాయా, సాక్ష్యం సరిపోతుందా చూసి నేను రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. తప్పు సెక్షను పెడితే దిద్దాల్సింది నేను. రెండోది, ప్రతి నెలా మేం పైకి ఒక లెక్క పంపుతాం. ఎన్ని కేసులు ముగిశాయి, ఎన్నింట్లో శిక్ష పడింది అని. పది నెలలు సాక్షుల్ని పిలిపించి, వాదించి గెలిచిన కేసూ ఆ లెక్కలో ఒకటే. నిందితుడు చేతులు కట్టుకుని "తప్పయింది సామీ" అని ఒప్పుకున్న కేసూ ఒకటే. కష్టపడకుండా వచ్చే ఆ రెండో రకం మీద నాకు మోజు ఎక్కువ. నా నెలవారీ లెక్క ఎప్పుడూ బాగుండేది. పైవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పును నేను సామర్థ్యమని అనుకుంటూ ఉండేవాణ్ణి.

2009 నవంబరు మొదటివారంలో ఒక ఉదయం పోలీస్ స్టేషను ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక స్త్రీ దిగి, దుప్పట్లో మూటగట్టిన బరువైన వస్తువును రెండు చేతులా ఎత్తుకుని లోపలికి నడిచింది. ఆమెను సుభద్రమ్మ అని పిలుస్తాను. అంగన్‌వాడీ టీచరు. ఆమె ఇంటి ముందు గదిలోనే అంగన్‌వాడీ కేంద్రం నడిచేది. భర్తకు ఎరువులు, విత్తనాల అంగడి ఉంది. అతనికి మారుపేరు పెట్టాలని కూడా నాకు లేదు. ఎరువులాయన అని ఊళ్లో అనేవాళ్లు, నేనూ అదే అంటాను.

దుప్పట్లో ఉన్నది ఇంటి కంప్యూటరు డబ్బా. భర్త దాన్ని వెనక గదిలో పెట్టుకున్నాడు. కేంద్రం పిల్లల పేర్లు, బరువులు నెలనెలా రాసి పంపే పట్టీని టైపు చేయడం నేర్చుకుందామని ఆమె ఒక మధ్యాహ్నం దాని ముందు కూర్చుంది. తాను టైపు చేసి దాచుకున్న పట్టీని వెతుకుతూ వేరే ఫోల్డరు తెరిచింది. అందులో ఉన్నవి చిన్నపిల్లల మీద ఎవరో చేసిన అత్యాచారాల ఫొటోలు, వీడియోలు. అంతకుమించి వాటి గురించి రాయను. మర్నాడు భర్త అంగడికి పోగానే వైర్లు పీకి, దుప్పట్లో చుట్టి, ఆటో ఎక్కింది. కట్టుకున్నవాడి మీద ఫిర్యాదు చేయడానికి సొంత ఇంట్లోంచి సాక్ష్యం మోసుకొచ్చిన మనిషిని నా సర్వీసులో ఇంకెవరినీ చూడలేదు.

స్టేషనులో ఎస్.ఐ. మద్దిలేటి. ముప్పై ఏళ్ల లోపువాడు, చదువుకున్నవాడు, పనిలో భయభక్తులున్నవాడు. ఇద్దరు పంచుల ముందు కంప్యూటరు వేయించి ఒక ఫొటో చూసి ఆపించాడట. పంచులంటే స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షులుగా నిలబడే బయటి మనుషులు. తర్వాత మా కోర్టు కానిస్టేబులు హుసేన్ పీరా ఆ డబ్బాను తెల్లగుడ్డలో చుట్టి, లక్క కరిగించి సీలు వేశాడు. వేటకొడవలికీ అంతే, నాటుబాంబుకూ అంతే. మా ప్రాంతంలో సాక్ష్యమంటే మాకు తెలిసింది అదొక్కటే.

మద్దిలేటి ఆ సాయంత్రం నా గదికి వచ్చాడు. నిలబడే అన్నాడు: "సార్, మొన్న కర్నూలుకు ట్రైనింగ్‌కు పోయింటి. ఐటీ చట్టంలో కొత్త సెక్షను వచ్చిందని చెప్పిరి. పిల్లోళ్లవి పెట్టుకున్నా నేరమేనంట. ఆ సెక్షను పెడితే కేసు సీఐ గారు చూడాల, నేను చూడకూడదు. ఏం చేద్దాం సార్?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. అంతకుముందు చట్టంలో ఉన్నది భారత శిక్షాస్మృతి 292. అశ్లీల వస్తువుల్ని అమ్మినా, అద్దెకిచ్చినా, పంచినా, అందుకోసం దగ్గర పెట్టుకున్నా నేరమని అది చెప్పేది. మొదటిసారి దొరికితే రెండేళ్ల లోపు జైలు, రెండు వేల లోపు జరిమానా. కంప్యూటర్ల కోసం వచ్చిన ఐటీ చట్టంలో కూడా అలాంటివి నలుగురికీ చేరేలా పెట్టడమే నేరం. ఎవరికీ ఇవ్వకుండా ఇంట్లో దాచుకుని చూసేవాడు రెండింటి సందులోంచీ జారిపోయేవాడు. ఆ సందు మూయడానికే చట్టానికి 67బి అనే సెక్షను చేర్చారు. 2009 అక్టోబరు నెలాఖరున అది అమల్లోకి వచ్చింది. పిల్లల లైంగిక చిత్రాల్ని తయారు చేయడం, పంచడం మాత్రమే కాదు, వెతకడం, చూడడం, దించుకోవడం, పోగుచేసుకోవడం కూడా నేరమే. మొదటిసారికి అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. రెండోసారి ఏడేళ్ల దాకా. ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువైనవాళ్లు దర్యాప్తు చేయకూడదు. సుభద్రమ్మ ఆటో దిగేనాటికి ఆ సెక్షను వయసు రెండు వారాలు కూడా లేదు.

ఆ సవరణ కాగితం నా బల్ల మీదే, ఇంకా విప్పని కట్టలో ఉంది. విప్పి చదవడానికి పది నిమిషాలు పట్టేది. కానీ నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన ఎస్.ఐ. నాకు సెక్షను చెప్పడమేమిటని ఒళ్లు మండింది. "ఏమప్పా మద్దిలేటీ, కంప్యూటర్ చట్టాలు హైదరాబాదోళ్లకు. ఈడ ఎవరికి కావాల? రెండొందల తొంభై రెండు వెయ్, అయిపోతాది," అన్నాను. అతను "మీరు రాసిస్తే అట్లే చేస్తా సార్," అన్నాడు. రాసిచ్చాను. ఆ కాగితం మీద నా సంతకం చాలా అందంగా ఉంటుంది.

రెండు రోజులకు సుభద్రమ్మ వచ్చింది. కోర్టు ఆవరణలో రేకుల పార్టిషన్ వేసిన గది నాది. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. శిక్ష ఎంత పడుతుందని అడగలేదు. ఒక్కటే అడిగింది: "ఆ డబ్బా మళ్లా నా ఇంటికొస్తాదా సార్? ముందర గదిలో ఇరవైమంది పసిపిల్లోళ్లు ఉంటారు. వెనక గదిలో అది ఉంటే నేను ఈ పని చేయలేను."

"రాదమ్మా. సర్కారు దగ్గరుండాదంటే ఇంక రాదు," అన్నాను. ఏ ఆధారంతో అన్నానో నాకు తెలియదు. అవతలి మనిషి గదిలోంచి పోవడానికి ఏ మాట పనికొస్తే ఆ మాట అనడం మా గదుల్లో అలవాటు.

ఆమె పోయిన మర్నాడు ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. గంజిపెట్టిన తెల్లచొక్కాలు, చేతిలో సెల్‌ఫోన్లు. ఎరువులాయన మంచోడని, గుడికి మైకుసెట్టు ఇప్పించినాడని చెప్పారు. "ఆడమనిషి కదా సార్, తెలీక బజార్న పెట్టె. ఏదో బొమ్మలు. మొగోడన్నాక చూడడా?" అన్నాడు ఒకాయన. రెండో ఆయన నవ్వాడు. ఎరువులాయన చూసింది పసిపిల్లలకు జరిగిన హింసను. అవి బొమ్మలు కావు. ఎక్కడో ఒక గదిలో ఒక పిల్లకు నిజంగా జరిగిన నేరం. దాన్ని చూడాలనుకునేవాడు ఉన్నంతకాలం చేసేవాడూ ఉంటాడు. ఆ మాట అనాల్సిన కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేను. అనలేదు. వాళ్లకు టీ తెప్పించాను.

నెలాఖరుకు చార్జిషీటు ముసాయిదా వచ్చింది. మా స్టేషన్లలో ప్రతి రకం కేసుకూ ఒక అచ్చు ఉంటుంది. పాతదాంట్లో పేర్లు, తేదీలు మార్చి కొత్త కేసుకు తొడుగుతారు. దీనికి తొడిగింది సీడీల అంగళ్ల మీద దాడులు చేసినప్పటి అచ్చు. "నిందితుడు సులభంగా డబ్బు సంపాదించాలనే దురుద్దేశంతో అశ్లీల చిత్రాలను అమ్మకానికి ఉంచుకొనియుండగా" అని మొదలవుతుంది. 292 నిలబడాలంటే అమ్మకం ఉండాలి కాబట్టి మేం అమ్మకం రాశాం. ఎరువులాయన ఎవరికీ ఏమీ అమ్మలేదని అందరికీ తెలుసు. ఇక పిల్లలు అనే మాట ఆ నాలుగు పేజీల్లో ఒక్కచోటా లేదు. లేని అమ్మకాన్ని రాసి, ఉన్న పిల్లల్ని వదిలేశాం. నేను చదివి, రెండు చోట్ల కామాలు దిద్ది, "దాఖలు చేయదగినది" అని రాశాను.

డిసెంబరు మూడోవారంలో కేసు పిలిచారు. ముందురోజే అవతలి వకీలు నాతో మాట్లాడుకున్నాడు. ఒప్పేసుకుంటాడు, చిన్న శిక్షతో పోనివ్వండి అన్నాడు. సంవత్సరాంతం, నా లెక్కకు ఒక శిక్ష కలుస్తుంది. సరేనన్నాను. మేజిస్ట్రేటు గారి ముందు ఆ రోజు తొంభైకి పైగా కేసులు ఉన్నాయి. నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు, ఎరువులాయన తలూపాడు. కోర్టు లేచేదాకా ఖైదు, రెండు వేల రూపాయల జరిమానా.

కోర్టు లేచేదాకా ఖైదు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. న్యాయమూర్తి ఆ రోజు పని ముగించి లేచేదాకా ముద్దాయి కోర్టు హాల్లో కూర్చోవాలి. ఎరువులాయన వెనక బెంచీ మీద ఫ్యాను కింద కూర్చున్నాడు. పేపరు చదువుకున్నాడు. అతని వకీలు గుమాస్తా మధ్యాహ్నం టిఫిను తెచ్చిచ్చాడు. సాయంత్రం కోర్టు లేచింది, అతనూ లేచాడు. చట్టం అయిదేళ్లు అన్న నేరానికి మేం వేయించిన జైలు అది.

తీర్పులో ఆఖరి పేరా ఎప్పుడూ వస్తువుల గురించి ఉంటుంది. కేసులో స్వాధీనమైన వస్తువులకు ఎం.ఓ. ఒకటి, ఎం.ఓ. రెండు అని నంబర్లు వేస్తారు. కేసు ముగిశాక వాటిని ఏం చేయాలో ఆ పేరా చెబుతుంది. అదీ అచ్చే: విలువలేని వస్తువులను అప్పీలు గడువు తర్వాత ధ్వంసం చేయవలెను, విలువైన వస్తువులను యజమానికి వాపసు ఇవ్వవలెను. నెత్తుటి లుంగీ, విరిగిన కట్టె, కొడవలి ధ్వంసం. మోటారు సైకిలు, పంపుసెట్టు, మేకలు వాపసు. ఆ పేరా నేనెన్నడూ చదవలేదు. మేజిస్ట్రేటు గారు శిక్ష చదవగానే తర్వాతి కేసు పిలుస్తారు, నా చేయి అప్పటికే తర్వాతి ఫైలు మీద ఉంటుంది.

292 కింద శిక్ష పడితే ఆ వస్తువు ప్రతులన్నిటినీ నాశనం చేయమని కోర్టు ఆదేశించవచ్చని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 455 అని విడిగా ఒక సెక్షనే ఉంది. ఎవరో పెద్దలు దశాబ్దాల ముందే దీని కోసం ఆలోచించి పెట్టారు. నేను ఒక్క వాక్యం మెమో వేసి ఉంటే చాలు. వేయలేదు. తెల్లగుడ్డలో ఉన్న వస్తువు కంప్యూటరు. కంప్యూటరు విలువైనది. కాబట్టి వాపసు.

2010 జనవరి నెలాఖరులో ఒక సోమవారం హుసేన్ పీరా నా గది గుమ్మంలో నిలబడి తల గోక్కుంటూ అన్నాడు: "సార్, ఆ ఎరువులాయన డబ్బా తీసుకొనిపాయె."

"ఏ డబ్బా?" అన్నాను.

"అదే సార్, కంప్యూటరు. ఆర్డరు ఉండాది కదా, ఇచ్చిరి. లక్క సీలు నా చేత్తోనే తీసిస్తిని. సంతకం పెట్టించుకొని, మీద దుమ్ము ఉండాదంటే తుడిచి ఇస్తిని. లోపల ఉండేటివి ఉన్నట్టే ఉండాయి కదా సార్?"

అప్పుడు తీర్పు తెప్పించుకుని ఆఖరి పేరా చదివాను. ఆ తర్వాత కట్ట విప్పి సవరణ కాగితం కూడా చదివాను. మూడు నెలల ముందు మద్దిలేటి నిలబడి చెప్పిన ప్రతి మాటా అందులో ఉంది. దాచుకున్నందుకే అయిదేళ్లు అని చట్టం చెబుతున్న సరుకును, నేను వెనకుండి నడిపించిన కేసులో, ప్రభుత్వమే దుమ్ము తుడిచి, రసీదు తీసుకుని అతని చేతిలో పెట్టింది.

అప్పటికీ దారి మూసుకుపోలేదు. కోర్టులో తీసుకున్న ఆ రోజు నుంచి అది అతని దగ్గర ఉండడం కొత్త నేరం. సీఐ గారు పోయి మళ్లీ పట్టుకుని, 67బి కింద కొత్త కేసు కట్టవచ్చు. మద్దిలేటిని పిలిపించి చెప్పాను. అతని ముఖంలో ఏ భావమూ లేదు. "కోర్టు చేతికిచ్చిన వస్తువును మేం మళ్లా పట్టుకొస్తే జడ్జి గారు మమ్మల్ని అడుగుతారు సార్. మీరొక కాగితం రాసియ్యండి. సీఐ గారి దగ్గరికి నేనే తీసుకొనిపోతా," అన్నాడు.

"రాస్తాలే," అన్నాను.

ఆ కాగితం మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టినా, నేను పెట్టించిన సెక్షను తప్పు అని రాయక తప్పదు. సోమవారం రాయలేదు. మంగళవారం ఒక పేజీ రాసి చించేశాను. ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో నా పేరు పైన ఉందని తెలిసింది. బుధవారం అది తెలిసినందుకు రాయలేదు. డబ్బా రాదని నేను మాటిచ్చిన సుభద్రమ్మకు ఒకసారి ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పే ధైర్యం కూడా చేయలేదు. ఆమెకు చెప్పాల్సిన పని లేదు కూడా. డబ్బా ఆమె వెనక గదిలో, పాత బల్ల మీదే ఉంది.

గురువారం పొద్దున ఆమె అంగన్‌వాడీ పిల్లల్ని పది గంటలకే ఇళ్లకు పంపేసింది. డబ్బాను పెరట్లోకి లాక్కొచ్చి, గునపంతో పొడిచింది. లోపలి ముక్కల్ని బయటికి తీసి, బండ మీద పెట్టి మళ్లీ కొట్టింది. ఇరుగుపొరుగు గోడల మీంచి చూశారు. ఆపమ్మా అన్నవాళ్లకు, "మీ పిల్లోళ్ల కోసమే కొడతాండా, చూడండి," అన్నదట. తర్వాత చేతులు కడుక్కుని, నడుచుకుంటూ స్టేషనుకు వెళ్లి తాను చేసింది చెప్పింది.

మధ్యాహ్నానికి ఎరువులాయన భార్య మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఆస్తికి నష్టం, సెక్షను 427. దీనికి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. అనుమతి మర్నాడే వచ్చింది. వారం తిరిగేసరికి దర్యాప్తు మొత్తం పూర్తయి ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. అంత చక్కని ఫైలు మా స్టేషను నుంచి నేనెప్పుడూ చూడలేదు. పెరటి కొలతలతో పటం, అన్ని వైపుల నుంచీ ఫొటోలు, ముక్క ముక్కకూ నంబరు, అయిదుగురు సాక్షులు, కంప్యూటరు కొన్నప్పటి బిల్లు. పిల్లల మీద నేరానికి నాలుగు పేజీల పాత అచ్చు దొరికింది. ఇనుప డబ్బాకు నలభై పేజీల శ్రద్ధ దొరికింది. దర్యాప్తు మాత్రం మద్దిలేటి చేయలేదు, సెలవు పెట్టాడు. హెడ్ కానిస్టేబులు చేశాడు.

హుసేన్ పీరా గోనెసంచిలో ముక్కలు తెచ్చి నా గదిలో మూలన దించుతూ, "ఈ డబ్బాకు మా స్టేషనంటే శానా ఇష్టం సార్. పోయినట్టే పోయి మళ్లా వచ్చె," అన్నాడు. నేను నవ్వలేదు. అతనూ నవ్వడానికి అనలేదు.

ఆ సాయంత్రం సుభద్రమ్మ వచ్చింది. ఈసారి చెప్పకుండానే కూర్చుంది. ఊరి పెద్దమనుషులు ఆమెకు సలహా ఇచ్చారట: ఒప్పుకో, కొంచెం జరిమానా వేసి పంపిస్తారు, మొగుడితో కలిసి కాపురం చేసుకో అని. ఆ సలహాలో ఉన్న మెలిక ఆమెకు తెలుసు. శిక్ష పడిన మనిషిని అంగన్‌వాడీలో ఉంచరు. జరిమానా చిన్నదైనా ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆమె ఆ ఇంట్లోనే, అతని తిండి తింటూ బతకాలి.

"ఒప్పుకుంటే పని పోతాది. ఒప్పుకోకపోతే అబద్ధం చెప్పినట్టు. నేను కొట్టింది నిజమే కదా సార్," అంది. గొంతు ఎక్కడా పెంచలేదు. "మీరు రాదంటిరి. వచ్చె. మా ఆయప్ప చేసింది చూడమని మీ గడప తొక్కితే ఒక్కరికీ కండ్లు కనపడలేదు. నేను ఇనుము పగలగొడితే ఊరంతా సాక్షులైరి. అదేంది సార్, మీ కోర్టులో పిల్లోళ్ల కన్నా ఇనుముకు విలువెక్కువా?"

నేను చట్టం గురించి ఏదో మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "చట్టం వద్దు సార్. మీరేం చేస్తారో చెప్పండి."

ఇరవై ఏళ్లలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. చట్టం ఏం చెబుతుందని అడిగేవాళ్లు, కోర్టు ఏం చేస్తుందని అడిగేవాళ్లు. నేనేం చేస్తానని కాదు. ఆ రెండింటి వెనక దాక్కోవడం నాకు బాగా అలవాటు. "రేపు రాసిస్తాను," అన్నాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. నమ్మాల్సిన అవసరమూ లేదు.

మర్నాడు ఉదయం కూర్చుని రాశాను. 427 నేరం కావాలంటే ఎదుటివాడికి అన్యాయమైన నష్టం జరగాలి. చట్టబద్ధంగా తనకు హక్కున్న ఆస్తిని అక్రమంగా పోగొట్టుకుంటేనే అది అన్యాయమైన నష్టమని శిక్షాస్మృతే నిర్వచిస్తుంది. ఆ కంప్యూటరులో ఉన్నవాటిని దగ్గర ఉంచుకునే హక్కు చట్టంలో ఎవరికీ లేదు. నేరానికి వాడిన కంప్యూటరు జప్తుకు లోబడి ఉంటుందని ఐటీ చట్టం 76 అంటుంది. కాబట్టి ఈమె మీద కేసు నిలవదు. ఇదంతా ఒక పేజీ. కానీ ఈ వాదం నిలబడాలంటే ఆ డబ్బా అతని చేతికి ఎలా చేరిందో చెప్పాలి. రెండో పేజీలో అది రాశాను. 67బి పెట్టాల్సిన కేసుకు 292 పెట్టమన్నది నేను. ఎస్.ఐ. సరైన సెక్షను చెప్పినా వినలేదు. అమ్మకం అబద్ధమని తెలిసి చార్జిషీటును ఆమోదించింది నేను. 455 కింద మెమో వేయనిది నేను. వాపసు పోయిందని తెలిశాక మూడు రోజులు ఊరకున్నది నేను. కింద సంతకం పెట్టాను.

ఆ అభిప్రాయం ఆధారంగా పోలీసులు కేసును చట్టపరమైన పొరపాటు అని మూసేస్తూ కోర్టుకు నివేదిక ఇచ్చారు. ఎరువులాయన అభ్యంతరం చెప్పబోయాడు. లోపల ఏముండేదో బయట చెప్పాల్సివస్తుందని అతని వకీలు చెప్పాక మానుకున్నాడు. సుభద్రమ్మ ఉద్యోగం నిలిచింది. మరుసటి నెల కేంద్రాన్ని వేరే వీధిలో అద్దెగదికి మార్చుకుని, తానూ అక్కడికే మారింది. నాకు మెమో వచ్చింది, వివరణ ఇచ్చాను, అభిశంసన పడింది. ప్రమోషను రెండేళ్లు ఆలస్యమైంది. సాటివాళ్లు కొందరు, "ఒక ఆడమనిషి కోసం నీ సర్వీసు రిజిస్టరు పాడుచేసుకుంటివి కదప్పా," అన్నారు. వాళ్లకు అప్పటికీ అర్థం కాలేదు, ఆ రిజిస్టరు నవంబరులోనే పాడైందని, ఫిబ్రవరిలో అందులో నిజం ఎక్కిందని.

ఎరువులాయనకు ఏమీ కాలేదు. 67బి కింద కొత్త కేసు కట్టడానికి సీఐ గారు సిద్ధపడ్డారు. ముక్కల్ని హైదరాబాదు ల్యాబుకు పంపారు. ఏమీ తీయలేమని జవాబు వచ్చింది. సుభద్రమ్మ గునపం గట్టిగానే పడింది. ఆ పని ఆమె చేయాల్సివచ్చింది మా వల్ల. నేను బదిలీ అయ్యేదాకా ఆ అంగడి ముందు నుంచే కోర్టుకు పోయేవాణ్ణి. అతను నమస్కారం పెట్టేవాడు. అతనికి పడిన మొత్తం శిక్ష, ఫ్యాను కింద ఒక పగలు, రెండు వేల రూపాయలు.

తర్వాత నాకు ఇంకో ఏడేళ్ల సర్వీసు ఉంది. ఆ ఏడేళ్లూ ఏ తీర్పు చేతికొచ్చినా ఆఖరి పేరా ముందు చదివాను. కొత్త చట్టం కాగితం వస్తే ఆ రోజే విప్పాను. కింది హోదావాడు సెక్షను చెబితే కూర్చోబెట్టి విన్నాను. నేరం ఒప్పుకున్న కేసుల్ని నా లెక్కలో విడిగా రాసి పంపాను, ఎవరూ అడగకపోయినా. ఇవి గొప్ప పనులు కావు. జీతం ఇచ్చింది వీటికే.

ఆ ఫొటోల్లోని పిల్లల గురించి మాత్రం నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. వాళ్లెవరో, ఎక్కడివాళ్లో, అందులో ఒక్కరైనా ఇంకా ఆ చేతుల్లోనే ఉన్నారేమో కనుక్కోమని మూడు నెలలపాటు సీలు వేసిన డబ్బాను దగ్గర పెట్టుకుని మాలో ఎవరమూ ఒక్క ఉత్తరం రాయలేదు. రాయాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టిన తర్వాతే తోచింది.